వెనక్కి కట్టుకున్న చేతులు

"నా కళ్ళతో నేను చూశాను! మా అమ్మ కుర్చీలోంచి లేవలేక గిలగిల్లాడిపోతుంటే, ఈ మహాతల్లి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తోంది. సినిమా చూసినట్టు!"

ఆడపడుచు గొంతు మేడమెట్లు దిగి వీధిలోకి వెళ్ళింది. కింద వాటావాళ్ళ కిటికీ రెక్క ఒకటి చప్పుడు కాకుండా తెరుచుకుంది కూడా.

కోడలు ఇంకా అక్కడే నిలబడి ఉంది. డ్యూటీకి వేసుకున్న తెల్ల యూనిఫాం నలగలేదు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. ముందుకి తెస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందేమో, తేకపోతే పొగరనుకుంటారేమో, ఏదీ తేల్చుకోలేక అలాగే ఉంచేసింది.

అప్పటికే ఆడపడుచు పరుగున వచ్చి తల్లిని చంకల కింద చేతులేసి ఎత్తి, మంచం మీద పడుకోబెట్టి, గడ్డం దాకా దుప్పటి కప్పేసింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. వీధి వీధంతా ఆవిణ్ణి మిషనమ్మ అంటారు. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి ఇద్దరు పిల్లల్ని ఒడ్డుకి చేర్చిన మనిషి. స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి, ఆపరేషనయ్యి, ఇదిగో ఇలా దుప్పటి కింద గుప్పెడంత మిగిలింది.

"ఏరా, నీ నోట్లో నాలుక లేదా? నీ పెళ్ళాం చేసే ఘనకార్యం చూస్తున్నావా?"

ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు భర్త. గడియారాలు బాగుచేసే మనిషి. కంటికి ఆనని మరనైనా చిమటాతో పట్టుకోగలడు గానీ, అక్క ఎదుట ఒక్క మాట పట్టుకుని నిలబడలేడు. అక్క వచ్చి ఉన్న ఆ వారమంతా అతని పని అడకత్తెరలో పోకచెక్కే.

"అది కాదక్కా... అది వాళ్ళ వార్డులో పద్ధతి..."

"పద్ధతా? ముసలిదాన్ని ఏడిపించడం పద్ధతా?"

"వదినా," అంది కోడలు మెల్లగా, "ఎముక అతుక్కుంది. నడవమని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. అత్తయ్య తనంతట తను లేవాలి. మనం లేపితే అది లేవడం కాదు, ఎత్తడం. ఎత్తిన కొద్దీ కాళ్ళు పని మర్చిపోతాయి. పడకుండా పట్టుకునేంత దగ్గర్లోనే ఉన్నాను. నా మోకాలు ఆవిడ మోకాలికి అడ్డుగా పెట్టే ఉంచాను, మీరు చూడలేదు."

"నాకు పాఠాలు చెప్పకు! ఊళ్ళోవాళ్ళ ముసలాళ్ళకి చేస్తావు కదా, జీతమిస్తే. సొంత అత్తకి ఒక చెయ్యి సాయం పట్టడానికి మాత్రం బరువొచ్చింది."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వృద్ధుల వార్డులో నర్సుగా పన్నెండేళ్ళ నుంచి చేస్తోంది కోడలు. అక్కడ అందరికీ సిస్టర్. ఇంట్లో మాత్రం ఆ పని గురించి ఎవరు మాట్లాడినా రెండు రకాలే: "అయ్యో, ఎలా చేస్తావో" అనేవాళ్ళు, "జీతం కోసం" అనేవాళ్ళు. అది పని అనీ, నేర్చుకుంటే గానీ రాదనీ అన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

"వాళ్ళకీ ఇలాగే చేస్తాను వదినా," అంది.

"అయితే వాళ్ళ ఖర్మ!" ఆడపడుచు కొంగు దోపుకుంది. "ఇదిగో, ఆఖరి మాట. నువ్వా ఉద్యోగం మానేసి అమ్మ పక్కన కూర్చుని మనిషిలా చూసుకుంటావా, సరే. లేదంటే ఆదివారం పొద్దున బండి తెప్పిస్తాను, మోసేవాళ్ళని తెప్పిస్తాను. మా ఇంటికి తీసుకుపోతాను. మా అమ్మని కాలు కింద పెట్టనివ్వను. కంటికి రెప్పలా చూసుకుంటాను."

కాలు కింద పెట్టనివ్వను. ఎంత ప్రేమగా అంది! కోడలికి వార్డు గుర్తొచ్చింది. కాలు కింద పెట్టనివ్వని పిల్లలు తీసుకొచ్చి అప్పగించినవాళ్ళని వార్డులో ఎంతమందిని చూడలేదు! ముందు లేవడం మానేస్తారు. తర్వాత కూర్చోవడం. ఆ తర్వాత కిటికీ తెరవమని అడగడం కూడా మానేస్తారు. అక్కడిదాకా పోయినవాళ్ళని వెనక్కి తేవడం వార్డుని నడిపే పెద్దసిస్టర్ వల్ల కూడా కాదు. అత్తగారు ఆ మంచంతోపాటు ఆ ఇంటికి పోతే మళ్ళీ లేవదు. ఈ సంగతి ఈ ఇంట్లో తెలిసింది తనకొక్కదానికే. తన మాట వినేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

"అమ్మా, నువ్వే చెప్పు," ఆడపడుచు మంచం మీద వంగింది. గొంతు ఒక్కసారిగా చిన్నపిల్ల గొంతైపోయింది. "నువ్వు పడ్డ రోజు నేను లేను. ఇకమీద నీ పక్కనే ఉంటాను. మా ఇంటికి వస్తావా?"

అత్తగారు దుప్పటి అంచు ఇంకాస్త పైకి లాక్కుంది.

"మీ ఇష్టం," అంది అత్తగారు.

కోడలు ఉలిక్కిపడింది. ఇంతసేపటి తిట్లకి రాని కన్నీళ్ళు ఆ రెండు మాటలకి వచ్చాయి. మిషనమ్మ నోట 'మీ ఇష్టం' అన్నమాట ఆ వీధిలో ఎవరూ విని ఎరగరు. కాలరు ఇంత వెడల్పు పెట్టమని అడిగినవాళ్ళకి గుడ్డ తిరిగి చేతిలో పెట్టి, "నీ మెడకది నప్పదు, వేరేవాళ్ళ దగ్గరికి పో" అని పంపించిన మనిషి.

* * *

వార్డులో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. పొడుగాటి హాలు, రెండు వైపులా మంచాలు, మధ్యలో నడిచేవాళ్ళు పట్టుకోవడానికి ఇనుప కమ్మీ.

మూడో మంచం మీద లెక్కల మాస్టారు చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగమే మాట వింటోంది. ఎదురుగా కొత్తగా చేరిన నర్సమ్మాయి. గుండీ కాజా దాకా వెళ్ళి జారిపోయినప్పుడల్లా ఆ పిల్ల ప్రాణం గిలగిలలాడుతోంది. ఆఖరికి ఆగలేక చెయ్యి చాపింది.

వెనక నుంచి పెద్దసిస్టర్ దగ్గింది. అంతే. ఆ పిల్ల చేతులు రెండూ వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

అది ఆ వార్డు చట్టం. లేచేవాళ్ళ ముందు, తినేవాళ్ళ ముందు, గుండీలు పెట్టుకునేవాళ్ళ ముందు నర్సు తన మణికట్టు తనే వెనక పట్టుకుని నిలబడాలి. కళ్ళు మాత్రం పని చెయ్యాలి. కాలు ఎక్కడ వేస్తున్నారు, ఊపిరి ఎలా తీస్తున్నారు, పెదాల రంగు మారుతోందా అని. చేతులతో పని చేయించడం ఎవరైనా నేర్పుతారు, చేతుల్ని ఊరుకోబెట్టడం నేర్పడానికే తన జుట్టు తెల్లబడిందంటుంది పెద్దసిస్టర్.

మాస్టారు చివరి గుండీ దాకా వచ్చి చూసుకున్నాడు. ఒక కాజా మిగిలిపోయింది. పైనుంచీ తప్పే. ఎవరూ నోరు మెదపలేదు. ఆయన చొక్కావంక చూశాడు, నర్సమ్మాయి వంక చూశాడు, మళ్ళీ మొదటి గుండీ నుంచి విప్పడం మొదలుపెట్టాడు.

"తెలుసులే. మీరు చూస్తున్నారో లేదో అని పరీక్ష పెట్టాను," అన్నాడు.

హాలు హాలంతా నవ్వింది. కోడలు ఒక్కతే నవ్వలేదు. పెద్దసిస్టర్ మందుల బండి తోసుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఏం తల్లీ, మొహం అలా ఉంది?"

"ఉద్యోగం మానెయ్యమంటున్నారు."

"ఎవరు?"

"మా వదిన."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"నేను దిగిపోయాక ఈ వార్డు నీ చేతిలో పెట్టమని పైవాళ్ళకి చెప్పేశాను. మానేసేదుంటే ముందు నా మొహాన చెప్పి చావు." పెద్దసిస్టర్ మాటలు ఎప్పుడూ అంతే, గరుకు గుడ్డతో ఒళ్ళు తుడిచినట్టుంటాయి. "మీ అత్తగారేమంది?"

"మీ ఇష్టం అంది."

మందుల బండి ఆగిపోయింది.

"అదీ అసలు జబ్బు," అంది పెద్దసిస్టర్. "ఎముక కాదు. ఆవిణ్ణి లెమ్మంటున్నావు సరే, లేచి ఎక్కడికి వెళ్ళాలనుందో అడిగావా?"

కోడలు తెల్లబోయింది. అడగలేదు. వార్డులో మంచం మంచానికీ అడిగే ప్రశ్న. ఇంట్లో అడగాలని తట్టనేలేదు. ఇంట్లో కోడలిగా భయపడుతూ లెమ్మంటోంది తప్ప, నర్సుగా కాదు.

"కాళ్ళ కోసం ఎవరూ లేవరమ్మా. ఎక్కడికో వెళ్ళడానికి లేస్తారు," అని పెద్దసిస్టర్ బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

* * *

సాయంత్రం ఆడపడుచు బజారుకి వెళ్ళింది. కోడలు మంచం పక్కన చిన్న పీట వేసుకుని, అత్తగారి కళ్ళకన్నా కిందుగా కూర్చుంది.

"అత్తయ్యా, లేస్తే ఎక్కడికి వెళ్తారు?"

"కాటికి."

"దానికి లేవక్కర్లేదు, వాళ్ళే మోస్తారు. లేస్తే ఎక్కడికి అంటున్నాను."

అత్తగారు మొహం ఇటు తిప్పింది. ఈ పిల్లకింత నోరెప్పుడొచ్చిందా అన్నట్టు చూసింది.

"మిషను దగ్గరికి."

"ఏం కుడతారు?"

"కుట్టడానికి కాదు!" దుప్పటి కింద పిడికిలి బిగిసింది. "నా మిషను మీద నా కూతురు మందుసీసాలు పెట్టింది. దుప్పట్లు పేర్చింది. నిన్న టీ కప్పు పెట్టింది. ముందుగదిలో ఉన్నా ఇక్కణ్ణుంచి కనబడుతూనే ఉంది. మరక పడుతుంది. ఒళ్ళు మండిపోతోంది నాకు."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటోందనుకుంది. కాదు, మిషనువైపు చూడలేక తిరిగి పడుకుంటోంది.

"నన్ను తియ్యమంటారా కప్పు?"

"నువ్వెవరు తియ్యడానికి? నా మిషను."

"అయితే మీరే తియ్యండి," అని కోడలు లేచి నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది.

ఆ వేళ నుంచీ ఆడపడుచు బజారుకో స్నానానికో వెళ్ళినప్పుడల్లా అత్తాకోడళ్ళిద్దరూ దొంగల్లా ఆ పనిలో పడ్డారు. మడమలు వెనక్కి లాగడం. ముక్కు మోకాళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగడం. నేలని కాళ్ళతో తోసెయ్యడం. వెనక్కి కూలబడడం.

"రాక్షసివి నువ్వు," అనేది అత్తగారు రొప్పుతూ.

"అవునత్తయ్యా. కాలు ఇంకొంచెం వెనక్కి."

"నా కూతురు చెప్పింది నిజమే. నీకు గుండె లేదు."

"లేదు. ముందుకి వంగండి."

ఒకరోజు సగం లేచింది. ఇంకోరోజు అసలు లేవలేక, మంచంపట్టె మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు వెనక తన మణికట్టుని తనే గోళ్ళు దిగేట్టు పట్టుకుని నిలబడింది. శనివారం నాడు లేచింది. లేచి, దీపం రెపరెపలాడినట్టు ఊగి, కూర్చుండిపోయింది. అడుగు మాత్రం పడలేదు.

తర్వాతి రోజు ఆదివారం.

* * *

మోసేవాళ్ళిద్దరూ చెప్పిన వేళకే వచ్చారు. పట్టీలున్న మడతకుర్చీ ఒకటి గుమ్మంలో దింపి, చెమట తుడుచుకున్నారు. ఆడపడుచు బట్టలు సర్దేసింది. మందుసీసాలు సర్దేసింది. పొద్దున తాగిన టీ కప్పు మాత్రం ముందుగదిలో మిషను మీదే ఉండిపోయింది.

"ఏమమ్మా, తేల్చుకున్నావా? ఉద్యోగమా, అత్తా?"

"వదినా, ఒక్కసారి అత్తయ్య లేస్తారు. చూడండి. ఆ తర్వాత మీరేమన్నా వింటాను."

"మళ్ళీ మొదలెట్టావా ఆ తమాషా? వీళ్ళ ముందు కూడా నా తల్లిని ఏడిపిస్తావా? లోపలికి రండయ్యా, కుర్చీ తీసుకురండి!"

"అక్కా, కూర్చో."

అందరూ తలలు తిప్పారు. అన్నది ఎవరో తెలియక వెతికారు. గడియారాల మనిషే. అన్నాక అతనికీ నమ్మకం కలగలేదు కాబోలు, గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు.

"కూర్చో అక్కా. పన్నెండేళ్ళు చేసిన పని. దానికి తెలుసు."

ఆడపడుచు కూర్చోలేదు గానీ, నోరు మూసుకుంది. పన్నెండేళ్ళ కాపురంలో భర్త తన పనిని పనిగా ఒప్పుకుని అన్న మొదటి మాట అది. కోడలు అతనివైపు చూడలేదు, చూస్తే కన్నీళ్ళాగవని.

అత్తగారు మంచంపట్టె మీదికి జరిగింది. మడమలు వెనక్కి లాగింది. ముందుకి వంగింది. నేలని తోసింది.

కూలబడింది.

"అయ్యో అమ్మా!" ఆడపడుచు ముందుకి ఉరికింది. తమ్ముడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

రెండోసారి. పిరుదులు మంచం వదిలాయి. మోకాళ్ళు వణికాయి. ఎముకలగూడంత ఒళ్ళు గాలిలో ఆగి, ఒకవైపుకి ఒరగడం మొదలుపెట్టింది.

అప్పుడు జరిగింది. పన్నెండేళ్ళలో ఒక్కనాడూ తప్పని కోడలి చెయ్యి, వార్డులో అంతమంది ముసలివాళ్ళ ముందు రాయిలా వెనకే ఉన్న చెయ్యి, తనంతట తనే ముందుకొచ్చి అత్తగారి మోచేతిని పట్టుకోబోయింది. భయం. ఇంతమంది చూస్తుండగా పడితే ఎలా అన్న భయం, అచ్చంగా కోడలి భయం.

ఫటాల్న దెబ్బ పడింది ఆ చేతి మీద.

"తియ్యి చెయ్యి!" అంది అత్తగారు.

ఆ కోపంతోనే లేచి నిలబడింది.

నిటారుగా. ఎవరూ పట్టుకోకుండా. ఊగలేదు. ఎన్నో వారాల తర్వాత ఆ ఇంట్లో మిషనమ్మ తల అందరి తలల ఎత్తుకి వచ్చింది. కోడలు ఎర్రబడ్డ చేతిని వెనక్కి దాచుకుంది. ఆ మంటంత తియ్యటి మంట ఆమె జన్మలో ఎరగదు.

"వాకరివ్వండి," అంది అత్తగారు. 'ఇస్తారా' కాదు, 'ఇవ్వండి'. మూలనున్న నడక వాకరు తెచ్చి ఇచ్చారు.

ఒక అడుగు. వాకరు ముందుకి. మరో అడుగు. గుమ్మంలో మోసేవాళ్ళు తమ కుర్చీ పక్కకి లాక్కుని దారిచ్చారు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళిద్దరి చేతులూ వెనక్కి పోయాయి. అత్తగారు ముందుగదిలోకి వెళ్ళి, మిషను దగ్గర ఆగి, ఒక చేత్తో వాకరు పట్టుకుని, రెండో చేత్తో టీ కప్పు తీసి కూతురివైపు చాపింది.

"నా మిషను మీద పెట్టొద్దని నీ చిన్నప్పట్నుంచీ చెబుతున్నాను. పెట్టకు."

ఆడపడుచు కప్పు అందుకుంది. అందుకుని, గోడకి ఆనుకుని, నేలమీదికి జారి, కప్పు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. అది ఓడిపోయిన ఏడుపు కాదు. తన చెయ్యి లేకుండా తల్లి బతుకుతుందని చూసిన ఏడుపు. అందులో సంతోషమూ ఉంది, కొంత దిగులూ ఉంది.

మోసేవాళ్ళలో పెద్దవాడు తల గోక్కున్నాడు.

"నడవగలిగేటప్పుడు మమ్మల్నెందుకు పిలిచారమ్మా?"

"మీరు వెళ్ళండి బాబూ," అంది ఆడపడుచు ముక్కు తుడుచుకుంటూ. "అమ్మ ఇక్కడే ఉంటుంది. కోడలి దగ్గరే ఉండనీ."

కోడలి గుండె పొంగిపోయింది. గెలిచాను అనుకుంది. అత్తయ్య ఉంటుంది, రోజూ లేస్తుంది, రేపు తను తలెత్తుకుని డ్యూటీకి వెళ్తుంది.

"ఎవరన్నారు ఉంటానని?" అంది అత్తగారు.

అందరూ ఆవిడ వంక చూశారు.

"బండి వచ్చిందిగా. నేను దీనింటికి వెళ్తున్నాను."

"అత్తయ్యా!" కోడలు ఒక అడుగు ముందుకి వేసింది. "వద్దు. ఇప్పుడొద్దు. ఇవాళేగా నిలబడ్డారు. అక్కడికెళ్తే వదిన మళ్ళీ... కనీసం ఒక నెల ఆగండి. నడక కుదిరాక వెళ్దురు గాని. నా మాట వినండి."

అత్తగారు వాకరు ఇటు తిప్పింది. తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు.

"ఏమ్మాయ్, నా అంతట నేనే లేవాలన్నావు. లేచాను. నా అంతట నేనే నడవాలన్నావు. నడిచాను. మరి ఎక్కడికి వెళ్ళాలో మాత్రం నువ్వు చెబుతావా?"

కోడలు నోరు తెరిచింది. చేతులు వెనక్కి కట్టుకోవడం పన్నెండేళ్ళుగా తెలుసు. నోరు కూడా కట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు. అయినా ఇందుకే కదా ఇన్నాళ్ళూ తిట్లు తిన్నది. 'మీ ఇష్టం' అని గోడకి తిరిగిన మనిషి 'నా ఇష్టం' అని ఎదురు తిరగాలనే కదా.

"మీ ఇష్టం అత్తయ్యా," అంది. అంటుంటే కన్నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఆ. అలా అను." అత్తగారి కళ్ళలో పాత మిషనమ్మ చిలిపితనం ఒక్క క్షణం మెరిసింది. "ఇది కూడా నా కూతురే కదే. దానికి చేతులూరుకోవు, చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరో ఒకరు నేర్పాలి. నువ్వు రేపు డ్యూటీకి వెళ్ళు. మానేశావని నా చెవిన పడిందో, ఇక ఈ మెట్లెక్కను."

తర్వాత మోసేవాళ్ళ వైపు తిరిగింది.

"బాబూ, ఉట్టి చేతులతో ఏం పోతారు? ఆ కుర్చీలో నా మిషను పెట్టి కట్టండి. జాగ్రత్త. నాకంటే దానికి వయసెక్కువ."

అలా మిషనమ్మ ఇంటి నుంచి మడతకుర్చీలో పట్టీలు బిగించుకుని, ఇద్దరు మనుషుల మీద ఊరేగుతూ కుట్టుమిషను దిగింది. దాని వెనక మిషనమ్మ తన కాళ్ళ మీద దిగింది. ఒక చెయ్యి కమ్మీ మీద. బాగోలేని కాలు ముందు, బాగున్న కాలు వెనక. ఒక మెట్టు కిందుగా, ఆవిడకి ఎదురుగా, వెనక్కి నడుస్తూ కోడలు. పైన వాకరు మోస్తూ కొడుకు. మధ్యలో మలుపు దగ్గర కూర్చుని అలుపు తీర్చుకుంది. కింద వాటావాళ్ళ కిటికీ రెక్కలు రెండూ ఈసారి బార్లా తెరుచుకున్నాయి.

"మిషనమ్మగారూ, నడుస్తున్నారే!"

"మరేం చెయ్యమన్నావు, ఎగరనా?"

బండి ముందు సీట్లో కూర్చోవడానికి మెట్లు దిగినంతసేపూ పట్టింది. ఆడపడుచు రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లు వెనక్కి లాక్కుంది. చూస్తున్న కోడలికి ఆమె మీద జాలేసింది. అది ఎంత కష్టమో తన చేతి మీది ఎర్రమచ్చకి తెలుసు.

బండి తలుపు వేశారు. ఆడపడుచు వెనక సీట్లో కూర్చుని, కిటికీ అద్దం దించి, ఇటూ అటూ చూసి, మరదల్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది. వారమంతా మహాతల్లీ అని పిలిచిన గొంతు ఇప్పుడు గుసగుసలాడింది.

"అమ్మాయ్, రేపు పొద్దున అమ్మ లేస్తుందిగా. అప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకండి వదినా. దగ్గరగా నిలబడి చూస్తూ ఉండండి."

"అంతేనా?"

"అంతే."

ఆడపడుచు మొహం పాలిపోయింది. కిటికీ అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"పోనియ్యి బాబూ," అంది ముందు సీట్లోంచి మిషనమ్మ.

బండి కదిలింది. కోడలు పక్కనే నాలుగడుగులు వేసింది.

"అమ్మ పడబోతుంటే కూడా ఏమీ చెయ్యకుండా ఎలా నిలబడ్డావే అమ్మాయ్?" ఆడపడుచు తల బయటికి పెట్టి అరుస్తోంది. "నీ చెయ్యి కూడా వచ్చేసిందిగా! నేను చూశానుగా! నాకెలా వస్తుంది? చెప్పు, నాకెలా వస్తుంది?"